కొలత జగ్గులో తాగునీళ్ళు

నేను ఆపరేషన్ చేయించుకున్నది జనవరి నెలాఖరులో. పూల పనిలో ఉన్నవాళ్ళెవరూ ఆ రోజుల్లో మంచం ఎక్కరు. ఫిబ్రవరి పద్నాలుగుకు ముందు రెండు వారాలు మొయినాబాద్ చుట్టుపక్కల పూలు పెంచే ప్లాస్టిక్ పందిళ్ళలో, అదే పాలీహౌసుల్లో, జ్వరం తెచ్చుకోవడానికి కూడా తీరిక ఉండదు. హైటెక్ సిటీ వచ్చాక నగరంలో ప్రేమలు పెరిగాయో లేదో నేను చెప్పలేను. గులాబీల గిరాకీ మాత్రం పెరిగింది. కంపెనీల వాళ్ళు ఫోను చేసి బంచీలకు బంచీలు చెప్పేవాళ్ళు. అయినా డాక్టరమ్మ ఇచ్చిన తేదీ అదే. అది వదిలేస్తే మళ్ళీ నాకు ధైర్యం రాదని నాకు తెలుసు. మూడు రోజులు పోతే పోయాయి, ఐదో తారీఖుకల్లా తోటలో ఉంటాననుకున్నాను.

మాది చేవెళ్ళ మండలం ఆలూరు. నేను పెళ్ళయి వచ్చిన ఊరు. మా ఆయన ఉన్న రెండెకరాల్లో కూరగాయలు పండించేవాడు. నేను రోజూ మొయినాబాద్ దగ్గర ఒక గులాబీ తోటకు పనికి వెళ్ళేదాన్ని. పూలు కోయడానికి చేరి ఐదారేళ్ళలో సూపర్‌వైజర్‌నయ్యాను. నాలుగు పాలీహౌసులు, పద్దెనిమిది మంది ఆడవాళ్ళు, డ్రిప్పు నీళ్ళ రిజిస్టరు నా చేతికింద ఉండేవి.

ఆ రిజిస్టరు గురించి చెప్పాలి. ఒక్కో పాలీహౌసు దగ్గర ఒక్కో నీళ్ళ మీటరు ఉంటుంది. పొద్దున వాల్వు తిప్పిన మనిషి ఎన్ని లీటర్లు పోయాయో చూసి రాయాలి. కొందరు వాల్వు తిప్పకుండానే రాసేవాళ్ళు. వాళ్ళను పట్టుకోవడం చాలా తేలిక. నిన్నటి అంకె, ఇవాళ్టి అంకె ఒకటే ఉంటాయి. నిజంగా పారిన నీళ్ళు రోజుకొక తీరుగా ఉంటాయి. మూడో పాలీహౌసులో ఒకామె నాలుగు రోజులు వరసగా ఒకే అంకె రాసింది. మొగ్గలు తలలు వాల్చాక సంగతి బయటపడింది. అందరి ముందూ ఆమెను కడిగిపారేశాను. "రిజిస్టర్ల రాస్తే చెట్టు తాగుతదా?" అని అడిగాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకు జాలి కలగలేదు.

ఇక నా జబ్బు. మూడో కాన్పు తర్వాత మొదలైంది. దగ్గితే పడేది, తుమ్మితే పడేది, నీళ్ళ బకెట్టు ఎత్తితే పడేది. మొదట చుక్క, తర్వాత చెంచాడు, తర్వాత కొలత చెప్పలేనంత. పాత నూలు చీరలు చింపి మడతలు పెట్టుకునేదాన్ని. ముదురు రంగు చీరలే కట్టేదాన్ని. చేవెళ్ళ నుంచి మొయినాబాద్ దాకా ఎన్ని స్పీడ్‌బ్రేకర్లు ఉన్నాయో, ఏది ఎంత ఎత్తో, ఆ దారిన బస్సు నడిపేవాళ్ళ కంటే నాకే బాగా తెలుసు. ఒక్కోదానికి ముందు కాళ్ళు బిగించి, ఊపిరి పట్టి, కిటికీలోంచి పొలాలు చూస్తున్నట్టు కూర్చునేదాన్ని.

మా వైపు ఆడవాళ్ళకు నీళ్ళు తాగకుండా ఉండటం ఒక విద్య. చీకటి ఉండగా ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి. మధ్యలో వెళ్ళేవాళ్ళు జబ్బు మనుషులు, లేదా బరితెగించినవాళ్ళు. ఇళ్ళల్లో బాత్రూములు వచ్చాక కూడా ఆ పద్ధతి పోలేదు. మా అత్తగారు కోడళ్ళను దీనితోనే కొలిచేది. "పొద్దుగాల పోయినదాన్ని, మల్ల పొద్దుగూకినంకనే పోయిన. నడుమ మీ లెక్క ఉరుకుడు నాకు లేదు," అని చాటలో బియ్యం చెరుగుతూ గొప్పగా చెప్పేది. రోజుకు ఐదారుసార్లు బాత్రూముకు వెళ్ళే కోడల్ని చూసి ఆమెకు చిన్నతనంగా ఉండేది. నాకూ చిన్నతనంగానే ఉండేది.

ఆపరేషన్ దాకా తీసుకెళ్ళింది ఒక తుమ్ము. నగరం నుంచి ఎవరో కంపెనీ ఫంక్షన్లకు పూలు సర్దే అమ్మాయిలు ఇద్దరు తోట చూడటానికి వచ్చారు. జీన్సు ప్యాంట్లు, చేతిలో సెల్‌ఫోన్లు. వాళ్ళకు ఎర్రవి, పసుపువి, నారింజవి చూపిస్తున్నాను. అప్పుడే ఎవరో పక్క మొక్కల బెడ్డు మీద గంధకం పొడి చల్లారు. మూడు తుమ్ములు వరసగా వచ్చాయి. మడతలకు ఆగలేదు. చీర కుచ్చిళ్ళ మీదుగా చెప్పుల్లోకి దిగింది. ఇంకొక్క క్షణం ఆగితే ఆ పిల్లలు కిందికి చూసేవాళ్ళే. నేను పక్కనున్న పూల బకెట్టును మోకాలితో తోసేశాను. రెండు బంచీల గులాబీలు, బకెట్టెడు నీళ్ళు నా కాళ్ళ మీద పడ్డాయి. "అయ్యయ్యో" అంటూ ఆ అమ్మాయిలే పూలు ఏరి ఇచ్చారు. నీళ్ళతో నీళ్ళను దాచే తెలివి నాకు ఆ రోజు వచ్చింది. తర్వాత అదే తెలివి నా మీదికి వచ్చింది.

నగరంలో ఒక ఆసుపత్రిలో ఈ జబ్బు చూసే డాక్టరమ్మ ఉందని తెలిసి వెళ్ళాను. మాటలు తక్కువ మనిషి. కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. మూత్రం వచ్చే దారికి కింద ఆసరా సడలిందట. అక్కడ సన్నటి టేపు ఒకటి ఉయ్యాలలా వేస్తే దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు దారి జారదట. "కొంతమందికి తర్వాత మూత్రం సరిగ్గా రాదు. అందుకే కొలిచి చూసి పంపుతాం," అంది. నేను మొదటి మాటలు విన్నాను. చివరి మాట వినలేదు.

ఆపరేషన్ బాగానే అయింది. మర్నాడు పొద్దున సిస్టరమ్మ మూత్రం గొట్టం తీసేసి నా చేతికి మిల్లీలీటర్ల గీతలున్న ప్లాస్టిక్ జగ్గు ఇచ్చింది. మంచం చివర ఒక కాగితం వేలాడదీసింది. ఎన్నింటికి పోయారు, ఎంత వచ్చింది, రెండు గడులు. ఆమె మా వైపు మనిషే, మాట వింటే తెలిసిపోయింది.

"జగ్గులనే పోవాలె అమ్మా. రెండుసార్లు మంచిగొస్తే, లోపల ఎంత మిగిలిందో చూసి ఇంటికి పంపుతం," అంది.

బాత్రూము మా గదిలో నలుగురికీ ఒకటే. జగ్గు పట్టుకుని కూర్చున్నాను. నీళ్ళు తాగి తాగి పొట్ట నిండుగానే ఉంది. రాలేదు. ముందుకు వంగాను. లేచి సగం నిలబడ్డాను. కుళాయి తిప్పి ఆ చప్పుడు విన్నాను. సన్నగా, ఆగి ఆగి కొంచెం వచ్చింది. నలభై. బయట ఎవరో తలుపు కొట్టారు. పొద్దున తోట యజమాని ఫోను చేసి, ఆర్డరు ఇంకా పెరిగింది, ఎప్పుడొస్తావని అడిగి ఉన్నాడు. నా పక్కనే తాగునీళ్ళ సీసా ఉంది. చెయ్యి దానంతటదే వెళ్ళిందని చెప్పను. నేనే తీశాను. జగ్గులో మూడు వందల గీత దాకా పోశాను.

సిస్టరమ్మ చూసి, "మంచిగున్నది," అని రాసుకుంది. మధ్యాహ్నం రెండోసారి కూడా నలభైయ్యే వచ్చింది. ఒకే అంకె రెండుసార్లు రాసినవాళ్ళను పట్టుకునేదాన్ని నేనే కదా. అందుకని రెండోసారి రెండు వందల అరవై దగ్గర ఆపాను.

స్కానింగ్ మిషను ఆ వేళకు వేరే వార్డులో ఉంది. సిస్టరమ్మ కాగితం చూసింది, గడియారం చూసింది, అంకెలు బాగున్నాయంది. బరువులు ఎత్తొద్దు, మూడు గంటలకోసారి బాత్రూముకు వెళ్ళండి, రాకపోతే అదే రోజు వచ్చేయండి అని ఒకటికి రెండుసార్లు చెప్పి పంపింది. సాయంత్రానికి నేను ఆలూరులో ఉన్నాను.

ఇంటికొచ్చాక ఒక్క చుక్క పడలేదు. ఆటోలో కుదిపినా పడలేదు. పోపు ఘాటుకు దగ్గు వచ్చినా పడలేదు. మూడో రోజు భయం భయంగా మడత లేకుండా చీర కట్టుకుని పెరట్లో దండెం దాకా నడిచి వచ్చాను. పొడిగా ఉన్నాను. ఎన్నేళ్ళ తర్వాతనో పొడిగా ఉన్నాను. ఆ సంతోషం అబద్ధం కాదు. మిగతాదంతా అబద్ధం.

ఫిబ్రవరి మొదటి వారంలోనే తోటకు వెళ్ళాను. స్టూలు మీద కూర్చుని పనులు చెప్పేదాన్ని. పొద్దున ఇంట్లో ఒకసారి వెళ్ళి వస్తే, మళ్ళీ చీకటి పడేదాకా నాకు బాత్రూము అవసరం రాలేదు. మూడు గంటలకోసారి అన్న మాట గుర్తుంది. కానీ రానప్పుడు వెళ్ళడమెందుకు? మా ఊళ్ళో ఆడవాళ్ళు జీవితమంతా సాధించాలనుకునేది నాకు టేపు ముక్కతో వచ్చేసింది. అలా అనుకున్నాను. పూలు కోసేవాళ్ళకు గొప్పగా చెప్పాను కూడా. "పొద్దుగాల పోయిన. మల్ల ఇంటికి పోయినంకనే," అన్నాను. ఆ మాట ఎవరిదో, ఎవరి గొంతుతో అంటున్నానో అప్పుడు తట్టలేదు. మా అత్తగారు మాత్రం, "గిప్పుడు మనిషివైనవ్," అని మెచ్చుకుంది.

ఒళ్ళు చెబుతూనే ఉంది. ఉదయం కూర్చుంటే దారం సన్నన వచ్చేది, చాలాసేపు పట్టేది. ముందుకు వంగితే ఇంకాస్త, పొట్ట నొక్కితే ఇంకాస్త. లంగా నాడా రోజు రోజుకు వదులుగా కట్టాల్సి వచ్చేది. కూర్చునే పని కదా, ఒళ్ళు చేస్తున్నాననుకున్నాను. నడుము నొప్పిని కుట్ల మీదికి నెట్టాను. పద్నాలుగో తారీఖు గడిచింది. పూలు నిల్వ ఉంచే కోల్డు రూము ఖాళీ అయింది. రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం స్టూలు మీద కూర్చుని ఉండగా చీర తడిసింది. దగ్గలేదు, తుమ్మలేదు. ఊరికే కారుతోంది. లేచి నిలబడితే ఇంకా కారింది.

ఆపరేషన్ ఫెయిలైందనుకున్నాను. మర్నాడు మా ఆయనను వెంటబెట్టుకుని పోట్లాడటానికి ఆసుపత్రికి వెళ్ళాను. దారి పొడవునా ఏమనాలో నెమరేసుకున్నాను. ఒక్క మాట కూడా వాడే అవకాశం రాలేదు. డాక్టరమ్మ నా పొట్ట మీద చెయ్యి వేసి ఆగిపోయింది. స్కానింగ్ పెట్టి చూసింది. వెంటనే గొట్టం వేయించింది. పక్కన వేలాడే సంచి నిండుతూనే ఉంది. తొమ్మిది వందలు దాటింది. నాకు తెలియకుండా నా లోపల అన్ని నీళ్ళు ఉన్నాయని నమ్మబుద్ధి కాలేదు. పొట్ట మెత్తబడుతుంటే హాయికి ఏడుపొచ్చింది. అందరి ముందూ ఏడ్చాను.

"ఇది ఫెయిలవడం కాదు. మూత్రాశయం ఖాళీ కావడం లేదు. నిండి పొర్లుతోంది," అంది డాక్టరమ్మ. పాత కాగితం తెప్పించింది. చూసి సిస్టరమ్మను పిలిచింది. "మిగులు చూడకుండా ఎట్లా పంపావ్?"

"నంబర్లు మంచిగుండె మేడం. మిషను వేరే వార్డుల ఉండె."

"నంబర్లు బాగుంటే చూడక్కర్లేదని ఎవరు చెప్పారు?"

సిస్టరమ్మ తలవంచుకుని నిలబడింది. వార్డంతా వింటోంది. నాలుగడుగుల దూరంలో మంచం మీద నేను పైకప్పు చూస్తూ పడుకున్నాను. నోరు తెరిస్తే ఒక్క మాట చాలు. తెరవలేదు. మూడో పాలీహౌసు ఆడమనిషి కనీసం ఏడ్చింది, నేను అదీ చేయలేదు. గొట్టం వేసినప్పుడు ఏడ్చేశాను కదా, ఇక మిగల్లేదు కాబోలు.

డాక్టరమ్మ కాగితం వంకే చూస్తూ ఆలోచించింది. టేపు బిగుతుగా పడి ఉంటే మొదటి రోజే మూడు వందలు వచ్చేది కాదంది. మొదట బాగా వచ్చి తర్వాత ఆగిందంటే వాపో, మూత్రాశయం కండరం అలసిపోవడమో అయి ఉంటుందంది. "అప్పుడు టేపు జోలికి పోవద్దు. ఆగి చూద్దాం. అప్పటిదాకా మీరే గొట్టం పెట్టుకోవడం నేర్చుకోండి." నేను పోసిన తాగునీళ్ళ మీద వైద్యం నడుస్తోంది. అది నాకు అర్థమైంది. అయినా తలూపాను.

గొట్టం పెట్టుకోవడం నేర్పింది ఆ సిస్టరమ్మే. తెర లాగి, నా చేతికి చిన్న అద్దం ఇచ్చింది. చేతులు సబ్బుతో ఎట్లా కడగాలో, కాళ్ళు ఎట్లా పెట్టుకోవాలో, సన్నటి గొట్టం కొసకు మందు ఎట్లా రాయాలో, తొందరపడకుండా చూపించింది. నలభై రెండేళ్ళ దాన్ని, ముగ్గుర్ని కన్నదాన్ని. అద్దంలో నన్ను నేను చూసుకోవడం అదే మొదటిసారి. మొదటి రోజు నాలుగుసార్లు తప్పు చోట పెట్టాను.

"ఫికర్ చెయ్యకుండ్రి. అందరికీ గట్లనే అయితది," అంది. "ముందుగాల మీ అంతట మీరు పోండ్రి. ఎంతొస్తే అంత. గుంజుకోవద్దు, నొక్కుకోవద్దు. తర్వాత గొట్టం పెట్టి మిగిలింది తియ్యాలె. రెండూ వేరు వేరుగ రాయండ్రి."

ఆమె అరిచి ఉంటే నాకు సులువుగా ఉండేది. మంచిగా చెప్పేసరికి సిగ్గు ఎక్కువైంది.

ఆరు వారాలు రోజుకు నాలుగుసార్లు ఆ పని చేశాను. ఇంట్లో వాడిన గొట్టాన్ని కడిగి శుభ్రమైన గుడ్డ మీద ఆరబెట్టేదాన్ని. తోటలో మందుల గది పక్కన గొళ్ళెం లేని బాత్రూము ఒకటి ఉండేది. యజమానితో పోట్లాడి గొళ్ళెం, కుళాయి పెట్టించాను. ఎందుకో చెప్పలేదు, అతనూ అడగలేదు. ఒకసారి చలిజ్వరం వచ్చింది. మూత్రంలో మంట, వాసన. మందులు వేసుకుని, నీళ్ళు ఎక్కువగా తాగాను. నీళ్ళు తాగడం నాకు ఆ వయసులో కొత్తగా అలవాటైన పని. మర్నాటికి కూడా తగ్గకపోతే ఆగకుండా రమ్మని సిస్టరమ్మ ఫోనులో చెప్పింది, తగ్గింది.

ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న గీతల జగ్గులో కొలిచి, నోటు పుస్తకంలో అంకెలు నిజమే రాశాను. నాది యాభై, మిగులు మూడు వందల ఎనభై. నాది ముప్పై, మిగులు నాలుగు వందల ఇరవై. నాది అరవై, మిగులు మూడు వందల యాభై. నిజమైన నీళ్ళు కాబట్టి రోజుకొక తీరుగా ఉన్నాయి. కానీ నాది అన్న గడి ఎప్పుడూ అరవై దాటలేదు.

ఇంట్లో అత్తగారికి తెలియకుండా ఏదీ దాగదు. గుడ్డ మీద ఆరుతున్న గొట్టం చూసి మొదట దవాఖాన రోగం ఇంటికి తెచ్చావంది. రెండు రోజులు ఆ గదివైపు రాలేదు. మూడో రోజు వచ్చి గడప మీద కూర్చుంది.

"నొప్పి పెడతదా?"

"లేదత్తమ్మా. మొదట్ల జర మంట."

"అద్దంల కనబడతదా?"

"కనబడతది."

"ఎంతొస్తదో గీతలల్ల తెలుస్తదా?"

"తెలుస్తది."

ఇంత శ్రద్ధ ఏమిటా అనుకున్నాను. ముసలామెకు పొద్దుపోక అడుగుతోందనుకుని వదిలేశాను.

ఆరు వారాల తర్వాత పుస్తకం పట్టుకుని వెళ్ళాను. డాక్టరమ్మ ఒక్కో పేజీ తిప్పింది. మొదటి రోజు కాగితం పక్కన పెట్టుకుని మళ్ళీ తిప్పింది. "మొదటి రోజు మూడు వందలు. ఇప్పుడు అరవై. ఇది నాకు అర్థం కావడం లేదు," అంది. ఇంకో మూడు నెలలు గొట్టంతో ఆగుదామంది. వేరే పరీక్షలకు రాస్తానంది. టేపు కత్తిరించడం చివరి మాట అంది. కత్తిరిస్తే పాత జబ్బు తిరిగి రావచ్చంది.

సిస్టరమ్మ పక్కనే ఫైలు పట్టుకుని ఉంది. చెప్పకపోతే గొట్టం ఉంటుంది, పరువు ఉంటుంది, పొడి చీర ఉంటుంది. చెబితే ఈ మూడూ పోవచ్చు. జీవితాంతం రోజుకు నాలుగుసార్లు అని మనసులో లెక్క వేశాను. పరువు కోసం అది ఎక్కువనిపించింది. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ మనిషి చేతుల్లో ఆ ఫైలును ఇక చూడలేకపోయాను.

"మేడం, ఆ మూడు వందల్ల నాది నలభైయే," అన్నాను. "మిగిలినయి సీసల నీళ్ళు. రెండోసారి గూడ నలభైయే. నేనే పోసిన."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. తిట్టలేదు. మొదటి రోజు కాగితం మళ్ళీ చూసింది. తర్వాత, "అంటే మొదటి రోజు నుంచీ టేపు బిగుతే," అంది. "మొదటి వారంలో చెప్పి ఉంటే కొంచెం కిందికి లాగితే సరిపోయేది. ఇప్పుడు చుట్టూ కండ పట్టేసింది. కత్తిరించాలి."

సిస్టరమ్మ నాతో బయటకు వచ్చింది. వరండాలో ఆగింది. "మేడం నన్ను గంత మాట అన్నప్పుడు ఒక్క మాట చెప్పకపోతిరి గద," అంది.

"భయమైంది సిస్టర్."

"నాకు గూడ భయమైంది. నౌకరీ పోతదని." అంతే అని లోపలికి వెళ్ళిపోయింది. క్షమించమని అడగడానికి నాకు సమయం చిక్కలేదు. అడిగి ఉంటే నాకు తేలికయ్యేది, ఆమెకు కాదు.

టేపు కత్తిరించడం చిన్న పని, అదే రోజు సాయంత్రానికి లేచి కూర్చున్నాను. మళ్ళీ జగ్గు ఇచ్చారు. సిస్టరమ్మ నా మంచం పక్కనున్న నీళ్ళ సీసా తీసి బల్ల మీద పెట్టింది. నేను లోపలికి వెళ్ళాను. కూర్చున్నాను. వంగలేదు, నొక్కలేదు. కాసేపటికి ధార వచ్చింది. చప్పుడుతో వచ్చింది. ఆ చప్పుడు నేను రెండు నెలలకు పైగా వినలేదు. రెండు వందల ఎనభై. సిస్టరమ్మ స్కానింగ్ పెట్టి చూసింది. మిగులు నలభై. "గిది నిజం," అని తనే రాసింది.

పాత జబ్బు కొంచెం తిరిగి వచ్చింది. గట్టిగా తుమ్మితే రెండు చుక్కలు పడతాయి. చేవెళ్ళ దారిలో పెద్ద స్పీడ్‌బ్రేకర్లు రెండిటికే ఇప్పుడు కాళ్ళు బిగిస్తాను. చిన్న మడత ఒకటి పెట్టుకుంటాను. మూడు గంటలకోసారి తోటలో అందరూ చూస్తుండగా లేచి వెళ్ళి గొళ్ళెం వేసుకుంటాను. మొదట్లో నవ్వారు. తర్వాత ఒకరొకరుగా వాళ్ళూ వెళ్ళడం మొదలుపెట్టారు. మూడో పాలీహౌసు ఆమెకు మాత్రం నేనేమీ చెప్పలేకపోయాను. ఆమె ఆ వేసవిలోనే పని మానేసింది.

ఎండలు ముదిరాయి. ఒక రోజు పొద్దున తోటకు బయలుదేరుతుంటే అత్తగారు గడపలో నిలబడింది.

"పిల్లా, ఆ గీతల జగ్గు ఉన్నదా, పారేసినవా?"

"ఉన్నది. ఎందుకత్తమ్మా?"

"ఊకెనే. ఒకపారి ఇయ్యి."

ఇచ్చాను. కొంగు కింద పెట్టుకుని బాత్రూములోకి వెళ్ళి తలుపు వేసుకుంది. బకెట్టు చప్పుడైంది. చాలాసేపటికి బయటకు వచ్చి జగ్గు నా చేతిలో పెట్టింది. "సూడు. ముసల్దాన్ని, నాకెంతొచ్చిందో సూడు," అంది. నాలుగు వందల గీత దాటి ఉంది.

జగ్గు చల్లగా ఉంది. నీళ్ళలో రంగు లేదు. నేనింకా ఏమీ అనకముందే ఆమె నా మొహం చూసింది, చూసి గోడవైపు తిరిగింది.

జగ్గును తీసుకెళ్ళి మొక్కల్లో పారబోశాను. కడిగి తెచ్చి మళ్ళీ ఆమె చేతికి ఇచ్చాను. బాత్రూములోంచి బకెట్టు, మగ్గు తీసి బయట పెట్టాను. తోటకు ఆలస్యమవుతుందని యజమానికి ఫోను చేశాను. గడప మీద కూర్చున్నాను.

"మల్ల పో అత్తమ్మా. నేను ఈడ్నే కూసుంట."

ఆమె జగ్గు పట్టుకుని నిలబడే ఉంది. పొద్దున ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి అని నన్ను ఇన్నేళ్ళు కొలిచిన మనిషి.

"కొంచమే వస్తది పిల్లా," అంది మెల్లగా. "శాన ఏండ్ల సంది కొంచమే వస్తది. మిగిలిందంత బట్టల్లనే."

"ఎంతొస్తే అంత," అన్నాను. "గంతే రాస్త."